లక్ష్మీరాజం నిద్ర

“ఈ ఇంట్ల నీకేం తక్కువైంది బాపు! చెప్పు, ఏం తక్కువైంది!”

శివకృష్ణ అరుపుకు వంటింట్లో ఉన్న స్వరాజ్యం ఉలిక్కిపడింది. పులుసు గిన్నె పొయ్యి మీదే వదిలేసి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ హాల్లోకి పరుగెత్తుకొచ్చింది. కంచంలో అన్నం సగం అలాగే ఉంది. ఆమె భర్త లక్ష్మీరాజం చెప్పులు వేసుకుని బయలుదేరబోతున్నాడు. కొడుకు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. సూరత్ చీరల మార్కెట్లో పది మందికి పని చెప్పే కొడుకు, అరవై రెండేళ్ళ తండ్రిని గడప దగ్గర ఆపి దొంగను నిలదీసినట్టు నిలదీస్తున్నాడు! ఈ రోజు కూడా చూడాల్సి వచ్చిందా భగవంతుడా, అనుకుంది స్వరాజ్యం.

“రోజు పొద్దు నెత్తిమీదికి రాంగనే యాడికి పోతున్నవ్? మళ్ల పొద్దుగూకినంక వస్తున్నవ్. నిన్న నువ్వు మనం మునుపున్న ఉన్‌ల బస్సు దిగుతుంటే మా మార్కెట్టాయన చూసిండట. ఈ కామ్‌రేజ్ నుంచి ఉన్‌కు రెండు బస్సులు మారాలె బాపు! పని బంద్ జేసి రెండేండ్లాయె. నీకు అక్కడ క్యా కామ్ హై? అడుగుతుంటే మాట్లాడవేంది?”

లక్ష్మీరాజం కొడుకు పెదవుల వంక చూస్తూ నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళు మరమగ్గాల మోతలో బతికినవాడికి చెవులు ఎక్కడుంటాయి! మన మాటలో సగం చెవితో, సగం కంటితో పట్టుకుంటాడు. మగ్గాల మీద, వాళ్ళ మాటలో సాంచాల మీద, పనిచేసిన వాళ్ళందరికీ అదే అలవాటు. కొడుకు అడిగింది అతనికి బాగానే అర్థమైంది.

“పనుంది. పోయొస్త,” అని మాత్రం అన్నాడు. కొడుకు భుజం మెల్లగా పక్కకు తప్పించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

శివకృష్ణ సోఫాలో కూలబడి తల పట్టుకున్నాడు. “నేను గీ ఫ్లాట్ ఎవరి కోసం తీసుకున్ననే అమ్మా? జిందగీ అంత సాంచాల మోతల బతికిండు, ఇప్పుడన్న నిమ్మళంగ ఉండాలని గదా! అద్దాల కిటికీలు పెట్టిచ్చిన. ఏసీ పెట్టిచ్చిన. చిటికేస్తే వినవడేంత నిశ్శబ్దం! అయిన గీ ఇల్లు బాపుకు పడ్తలేదు. లేకుంటే... మేమే పడ్తలేమో!” అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. కోడలు అనురాధ అతని వీపు మీద చెయ్యి వేసి, అత్తగారి వంక ఒక చూపు చూసింది. ఆ చూపులో, ‘మీ ఆయనకు మీరన్నా చెప్పుకోలేరా అత్తమ్మా’ అన్న నిష్ఠూరం ఉంది. స్వరాజ్యం తల దించుకుంది. ఏం చెప్పుకుంటుంది! ఈ ఇంటికి వచ్చిన ఆరు నెలల్లో ఆయన ఆమెతో నాలుగు మాటలు నిండుగా మాట్లాడింది లేదు. రాత్రుళ్ళు కళ్ళు తెరుచుకుని కప్పు చూస్తూ పడుకుంటాడు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగుతాడు. తెల్లారేసరికి కళ్ళు గుంటలు పడి ఉంటాయి. ఏమైందయ్యా అంటే ఏం లేదంటాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు ఆ సాయంత్రమే పద్మారాణి ఫోను వచ్చింది. ఒకప్పుడు సూరత్‌లోనే లింబాయత్ వాడలో వీళ్ళ పక్క గదిలో ఉండేది, ఇప్పుడు ఉన్‌లో ఉంటుంది. ఊళ్ళో ఎవరింట్లో ఏ కూర ఉడికిందో కూడా ఆమెకు తెలియాలి.

“అక్కా, ఏమనుకోకు. బావను నేను సుత చూసిన. వారంల అయిదారు దినాలు గీడనే ఉంటున్నడు. మొకాన తేటదనం గూడ వచ్చింది. ముసలితనంల మొగోళ్ల మాట చెప్పలేం... నిప్పు లేంది పొగ రాదు గదా! జర కనిపెట్టి ఉండు.”

‘ముఖాన తేటదనం’! ఇంట్లో ఆరు నెలలుగా ఆమె చూడని తేటదనం, ఉన్‌లో ఎవరి కోసం వచ్చింది? ముప్పై ఆరేళ్ళ కాపురం! కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని, ఆ మాట కొడుక్కి గానీ కోడలికి గానీ చెప్పకుండా స్నానాల గదిలోకి పోయి, నీళ్ళ పంపు తిప్పి, ఆ చప్పుడులో కడుపారా ఏడ్చింది.

ఆ ఏడుపులో భర్త మీద అనుమానం ఒక్కటే లేదు. అంతకంటే పెద్ద నొప్పి ఒకటి ఉంది. ఆ మనిషి కోసమే కదా ఆమె తన గొంతును తానే పూడ్చిపెట్టుకుంది!

సూరత్‌లో తెలుగువాళ్ళింట పెళ్ళయినా, బతుకమ్మ అయినా, పెద్దదినమైనా ‘లింబాయత్ అక్కలు’ వచ్చి పాడాల్సిందే. ఈ రోజు వాళ్ళు పన్నెండు మంది. అందరికీ ఒకే రంగు చీరలు, యూట్యూబులో లక్షల మంది వినేవాళ్ళు. ఇరవై అయిదేళ్ళ కిందట వాళ్ళు నలుగురే. ఆ నలుగురిలో స్వరాజ్యం ఒకతి. ఈ సంగతి ఆమె కోడలికి కూడా తెలియదు!

అప్పట్లో వాళ్ళ వాడలో, సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ఒంటరిగా వచ్చి మగ్గాల మీద పనిచేసే ఒకతను జ్వరంతో కన్నుమూశాడు. ఊరి నుంచి అయినవాళ్ళు రావడానికి రెండు రోజులు పడుతుంది. శవం దగ్గర ఏడ్చే ఆడకూతురు ఒక్కతీ లేదు. మగవాళ్ళు బీడీలు కాలుస్తూ మౌనంగా కూర్చున్నారు. ఆ దిక్కులేనితనం చూడలేక లలితమ్మ పోయి శవం తలాపున కూర్చుంది. ఆమె వెనకే స్వరాజ్యం, మరో ఇద్దరు పోయి కూర్చున్నారు. తల్లుల దగ్గర విన్న తత్వాలు ఎత్తుకున్నారు. ‘పోగు తెగితే ముడి వేస్తినమ్మా... ఊపిరి తెగితే ముడి ఎవరేతురమ్మా...’ అని లలితమ్మ మొదలుపెడితే, ఆ ‘ఊపిరి’ దగ్గర స్వరాజ్యం పై గొంతు అందుకుంది. బీడీలు కాలుస్తున్న మగవాళ్ళు ఒక్కొక్కరే బీడీ పారేసి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. చావింట్లో పాడిన నోళ్ళు పెళ్ళింట్లో పనికొస్తాయా అని మొదట్లో మూతులు విరిచినవాళ్ళే, ఏడాది తిరక్కుండా తమ పిల్లల పెళ్ళిళ్ళకు వాళ్ళను బొట్టు పెట్టి పిలిచారు.

నలుగురూ కూడి పాడుకోవడానికి స్వరాజ్యం గదే అనువు. వాడ చివర, మేడ మీద ఉండేది. మధ్యాహ్నం పూట వంటపని తీరాక వచ్చి కూర్చునేవాళ్ళు. రాత్రి పాళీ చేసొచ్చిన లక్ష్మీరాజం అదే గదిలో ఓ మూల చాప మీద పడుకునేవాడు. నాలుగేళ్ళు అలాగే గడిచింది. అంతలో వాళ్ళ పాటలు రికార్డు చేస్తానని ఒకాయన ముందుకొచ్చాడు. ఇక రోజూ పాటే! అప్పుడే పద్మారాణి, “పన్నెండు గంటలు నిలవడి పనిజేసొచ్చిన మనిషి చెవుల పక్కన గీ పాటలేందక్కా? జర పండుకోనియ్యవా ఆయనను?” అని నలుగురిలో దెప్పింది. స్వరాజ్యానికి సిగ్గేసింది. ఆ రోజు నుంచే పాటను లలితమ్మ ఇంటికి మార్చింది. భర్త హాయిగా పడుకోవాలని తలుపు దగ్గరికి వేసి, కిటికీలకు పాత దుప్పట్లు కట్టి మరీ వెళ్ళేది. అలా మూడు రోజులు. నాలుగో రోజు రికార్డింగు. స్వరాజ్యం ప్రాణం పెట్టి పాడింది. ఇంటికొచ్చేసరికి ఆయన పాళీకి వెళ్ళిపోయాడు. పాళీ మొదలైన గంటకే, మగ్గం ముందు తూలి పడి, కుడిచెయ్యి పళ్ళచక్రంలో పెట్టేశాడు. రెండు వేళ్ళు పోయాయి!

ఆసుపత్రి వరండాలో పద్మారాణి గుండెలు బాదుకుంటూ అన్న మాట ఈనాటికీ స్వరాజ్యం చెవుల్లో ఉంది. “నిద్ర లేకనే తూలిండు! నీ పాటనే నీ మొగని చెయ్యి తిన్నదక్కా!”

కట్టు కట్టిన ఆ చెయ్యి మీద చెయ్యి వేసి స్వరాజ్యం ఒట్టు పెట్టుకుంది, ఇక తన నోట పాట రాదని. క్యాసెట్ అట్ట మీద వేయడానికి ఫోటో తీస్తామని పిలిస్తే పోలేదు. ఆమె బదులు కరుణ అనే అమ్మాయి చేరింది, ఫోటోలో నిలబడింది. మొదటి పాటలో ఉన్నది స్వరాజ్యం గొంతు, పేరు కరుణది! మొగుడే మాన్పించాడని లోకం అనుకుంది. లక్ష్మీరాజం ఆ నిందకు కూడా నోరు విప్పలేదు. మగ్గం నడపలేని చేత్తో ఉన్‌లో ఒక కార్ఖానాలో బట్ట మడతలు పెట్టే పనికి కుదిరాడు. ఆ కార్ఖానా వెనక, మోత గోడ దాటి వచ్చే గదిలోనే ఇరవై ఏళ్ళు కాపురం చేశారు. అయిదేళ్ళ కిందట కోడలిగా వచ్చిన అనురాధ ఫోను మోగినప్పుడల్లా ఆ మొదటి పాటే మోగుతుంది. స్వరాజ్యం తన గొంతును తానే, పరాయిదాన్ని విన్నట్టు వింటుంది. ఒక్క మాట అనదు.

మొన్ననే లలితమ్మ మూడు అంతస్తులు ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది. “పాతికేండ్ల పండుగ జేస్తున్నం స్వరాజ్యం. మొదటి నలుగుర్ల ఒకతి పోయె, ఒకతి ఊరికి పోయె. మిగిలింది నువ్వు, నేను. ఒక్క పాటకు నా పక్కన నిలవడవా బిడ్డా!” అని చేతులు పట్టుకుంది. స్వరాజ్యం కళ్ళ నీళ్ళు కుక్కుకుని, “నాతోని కాదక్కా,” అంది. ఎవరి కోసం కాదన్నది? ఇప్పుడు ఉన్‌లో ఎవరింటికో పోతున్న ఈ మనిషి కోసమా!

మర్నాడు మధ్యాహ్నం లక్ష్మీరాజం ఇల్లు దాటగానే, మార్కెట్‌కు వెళ్ళొస్తానని కోడలికి చెప్పి స్వరాజ్యం వెంటే బయలుదేరింది. నెత్తి మీది కొంగు ముక్కు దాకా లాక్కుని, ఆయన ముందు తలుపు ఎక్కితే తాను వెనక తలుపు ఎక్కింది. రెండో బస్సులో కూర్చున్నప్పుడు ఆమె మొక్కని దేవుడు లేడు. ‘మార్కండేయస్వామీ, నేను అనుకున్నది అబద్ధం చెయ్యి... నిజమైతే మాత్రం నాకు చూపించకు!’ ఉన్‌లో దిగాక ఆయన ఎంత వేగంగా నడుస్తున్నాడు! ఇంట్లో హాలు నుంచి వరండాకు రావడానికే ఆయాసపడే మనిషి, పెళ్ళికొడుకులా పోతున్నాడు.

ఆయన ఏ ఇంటికీ పోలేదు. తాను పనిచేసిన పాత కార్ఖానాలోకే పోయాడు.

స్వరాజ్యం గేటు దగ్గర కాసేపు ఆగి, లోపలికి తొంగి చూసింది. నూరు మగ్గాలు ఒక్కసారిగా కొట్టుకుంటున్నాయి. నేల అదురుతోంది. చెవులు బద్దలయ్యే ఆ మోతలో, రెండు మగ్గాల వరుసల మధ్య పరిచిన బట్ట తానుల మీద, చెయ్యి తల కింద పెట్టుకుని, లక్ష్మీరాజం నిద్రపోతున్నాడు! ఆరు నెలల నుంచి ఆమె చూడని నిద్ర. నోరు కొంచెం తెరుచుకుంది. నుదుటి మీద ముడతలన్నీ విడిపోయాయి. పాలు తాగిన పసివాడిలా ఉన్నాడు.

“వదినె! నువ్వా!” ఎవరో భుజం తట్టి బయటికి రమ్మని సైగ చేశారు. చూస్తే బిక్షపతి. లక్ష్మీరాజానికి పాత నేస్తం, ఆ కార్ఖానాలో ఇప్పటికీ పెద్ద పనివాడు. గేటు బయట చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయి, బల్ల మీద కూర్చోబెట్టాడు.

“రెండు గంటలు పండుకుంటడు, లేస్తడు, పోతడు. సేఠ్‌కు నేనే చెప్పిన, పడి ఉండనియ్యి అని. ఎవలకు చెప్పకుమన్నడు వదినె, అందుకే నేను ఊకున్న.”

“ఇంట్ల మెత్తటి పరుపున్నది అన్నా! ఏసీ ఉన్నది! గీ మోతల ఎట్ల పండుకుంటడు? నేను పక్కనుంటే నిద్ర రాదా ఆయనకు? నేనంత పాపిష్టిదాన్నా!” స్వరాజ్యం భోరుమంది.

బిక్షపతి ఆశ్చర్యంగా చూశాడు. “అయ్యో వదినె, గిన్నేండ్లు సాంచాలు నడిపినోని పెండ్లానివి, నీకు తెల్వదా? మోత ఉంటెనే మాకు నిద్ర. సప్పుడు లేకపోతే చెవులల్ల ఈల లెక్క ఒకటే సీటీ కొడ్తది. పిచ్చి లేస్తది! కరెంటు పోయి సాంచాలు ఆగినయంటే, పండుకున్నోడు గూడ లేసి కూసుంటడు. నేను పండుగకు ఊరికి పోతే మూడు దినాలకే వాపసొస్త, అక్కడ నిద్ర పట్టక! అందరు ఊరంటే ప్రేమ లేదనుకుంటరు.”

స్వరాజ్యం చేతిలోని చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. బిక్షపతి తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు.

“లింబాయత్‌ల ఉన్నప్పుడు వాని అదృష్టం జూసి మేం కుళ్లుకునేటోళ్లం. ‘నాకేం రా, పగటి పూట మా ఇంట్ల నలుగురు పాడ్తరు, అమ్మ ఒళ్లె పండుకున్నట్టుంటది’ అనేటోడు. నువ్వు పాటను లలితమ్మ ఇంటికి తీసుకపోయినవు జూడు, ఆ మూడు దినాలు కన్ను మూసిండంటే ఒట్టు! నేను పక్క సాంచ మీదనే ఉన్న. ‘ఇల్లు పాడువడ్డ గుడి లెక్కున్నది బిక్షపతీ, స్వరాజ్యం గొంతు ఇనవడకపోతే నిద్రొస్తలేదు’ అన్నడు. నాలుగో దినం తూలి పడ్డడు... గట్లయింది.”

భూమి కదిలినట్టయింది స్వరాజ్యానికి. ఏమిటీ మాట! పాట వల్ల కాదు... పాట లేక! తన చేతులతో తాను కిటికీలకు దుప్పట్లు కట్టింది. హాయిగా పడుకుంటాడని తలుపు వేసింది. ఆ మౌనమే ఆయన వేళ్ళు తీసుకుంది. ఆ తర్వాత ఏం చేసింది? ఆయన కోసమేనని ఒట్టు పెట్టుకుని, ఆయనకు ఉన్న ఒక్క సుఖాన్నీ ఇరవై ఏళ్ళు ఆయనకు లేకుండా చేసింది! త్యాగం చేశానని లోపల్లోపల ఎంత పొంగిపోయింది! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆయన్ను అడిగిందా? పద్మారాణి మాట విన్నది గానీ, పక్కన పడుకున్న మనిషి మాట వినలేదు. ఆడవాళ్ళం మనలో చాలామందిమి చేసే తప్పే ఇది. మొగుడికి ఏది హాయో లోకాన్ని అడిగి తెలుసుకుంటాం.

ఆమె లేచి, గ్లాసు బల్ల మీద పెట్టి, మళ్ళీ ఆ మోతలోకి నడిచింది.

లక్ష్మీరాజం అప్పుడే లేచి కూర్చున్నాడు. ఎదురుగా భార్యను చూసి, దొరికిపోయినవాడిలా బిత్తరపోయాడు. స్వరాజ్యం అతని పక్కన తానుల మీద కూర్చుంది. అరిచినా వినపడని చోటు. అందుకే ఆమె అరవలేదు. పెదవులు మాత్రం కదిపింది. కార్ఖానా వెనక ఇరవై ఏళ్ళు బతికిన ఆమెకు ఆ భాష కొంచెం వచ్చు.

“ఎందుకు చెప్పలేదు?”

“ఏం జెప్పాలె?” అన్నాయి అతని పెదవులు.

“నా పాట లేకనే నిద్ర పట్టలేదని! నా పాట నీ చెయ్యి తిన్నదని అందరు అంటుంటే నువ్వు సుత ఊకున్నవు గదయ్యా!”

లక్ష్మీరాజం రెండు వేళ్ళు లేని ఆ చేత్తో ఆమె గడ్డం పట్టుకుని, తన పెదవులు ఆమెకు స్పష్టంగా కనిపించేలా, ఒక్కొక్క మాటే చెప్పాడు.

“పాట తిన్నది అన్నరు. పాట బందయి తిన్నది అని నేనంటే? రెండిట్ల ఏ మాటన్నా నింద నీకే గదా స్వరాజ్యం! నాలుగు దినాలు పోతే నువ్వే మళ్ల పాడుతవనుకున్న. ఒకపారి అడిగిన గూడ, ఇగ పాడవా అని. నువ్వు మొకం తిప్పుకున్నవు. చెయ్యి పోగొట్టుకొచ్చిన మొగడంటే కోపమొచ్చిందనుకున్న.”

“కోపం గాదు... ఏడుపొచ్చింది! నీకు కనవడొద్దని తిప్పుకున్న!”

ఆమె గుండెల మీద కొట్టుకుంటూ ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. పక్క మగ్గం దగ్గరి పనివాడు చూసి, చూడనట్టు దారం అతుకుతూ ఉండిపోయాడు. నూరు మగ్గాల నడుమ ఇద్దరు ముసలివాళ్ళు ఇరవై ఏళ్ళ ఏడుపు ఏడిస్తే, ఒక్కరి చెవినా పడలేదు.

“మరి పిలగానికన్న చెప్పకపోతివి?” అంది ఆమె చివరికి.

“ఏమని చెప్పాలె? ప్రేమతోటి కొన్నడు. నిశ్శబ్దంగ ఉన్నదా బాపు, అని ఎంత మురిసిండు! గా ఇంట్ల పండుకుంటే చెవులల్ల సీటీ, సీటీ, సీటీ... వాని మనసు ఇరగ్గొట్టబుద్ధి గాలేదు.”

స్వరాజ్యం కళ్ళు తుడుచుకుంది. ఇంత ప్రేమా? ఒకరి మీద ఒకరు ఇంత ప్రేమ పెట్టుకుని, ఇంట్లో నలుగురూ నాలుగు మూలల ఏడుస్తున్నారా! ఆమెకు ఉన్నట్టుండి ఒళ్ళు మండింది, తన ఒట్టు మీద, తన మౌనం మీద. ఆ మంటలోనే నోరు తెరిచింది. ‘పోగు తెగితే ముడి వేస్తినమ్మా...’ పాడింది. గొంతు ఉందో పోయిందో, ఆ మోతలో ఆమెకే తెలియలేదు. లక్ష్మీరాజం ఆమె పెదవుల మీది పాటను రెప్ప వేయకుండా చదువుకున్నాడు. పాట అయిపోయాక, “శ్రుతి తప్పలే,” అన్నాడు. వినకుండానే!

ఆ సాయంత్రం ఇంటికొచ్చి స్వరాజ్యం కొడుకునూ కోడలినీ ఎదురుగా కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. శివకృష్ణ తండ్రి కాళ్ళు పట్టేసుకున్నాడు. “మాఫ్ కర్ దో బాపు! నేను నీకు నిమ్మళం ఇస్తున్ననుకున్న గని, జైలు సజా ఏస్తున్నట్టు నాకు తెల్వలే!” లక్ష్మీరాజం కొడుకు తల నిమురుతూ, “లే, లే, ఏం గాలేదు,” అంటూనే ఉన్నాడు. అనురాధ మాత్రం ఏడవలేదు. బిత్తరపోయి తన ఫోను చేతిలోకి తీసుకుని ఆ పాట పెట్టింది. పాట వింటూ అత్తగారి మొహాన్నే చూసింది. “గిది... గిది నువ్వా అత్తమ్మా? అయిదేండ్ల నుంచి నా చేతిలున్నది నువ్వా! నా పక్కనే కూర తరుక్కుంట ఒక్క మాట చెప్పలేదు గదా!” అని ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

స్వరాజ్యం లలితమ్మకు ఫోను చేసింది. “వస్త అక్కా. పండుగకు నీ పక్కన నిలవడత. గని ఒక్క షరతు. పాట నేర్చుకునుడు మా ఇంట్లనే. పగటి పూట, బువ్వ తిన్నంక. మా ఆయన పండుకునే యాళ్ల.”

“తాళాలు పట్టుకొని వస్తం బిడ్డా!” అంది అవతల లలితమ్మ.

రెండో రోజు మధ్యాహ్నం అయిదుగురు వచ్చారు. తాళాలు, కంజీర తెచ్చుకున్నారు. అందరి వెనక కరుణ ఉంది. లోపలికి వస్తూనే స్వరాజ్యం పాదాలు తాకింది. “అక్కా, ఇరవయ్యేండ్ల సంది నీ గొంతుకు రావల్సిన దండలు నా మెడల పడ్తున్నయి. చెప్పుదమని ఎన్నోసార్లు అనుకున్న. నోరు రాలేదు. పండుగనాడు స్టేజీ మీద నేనే చెప్త, ఆ మొదటి పాట నాది గాదు, మా స్వరాజ్యమక్కదని.” స్వరాజ్యం ఆమెను లేపి, తన పక్కనే చాప మీద కూర్చోబెట్టుకుంది. “నేను పారేసుకున్నదాన్ని నువ్వు కింద పడనియ్యకుంట పట్టుకున్నవు బిడ్డా. గంతకంటె ఏం గావాలె నాకు!”

లక్ష్మీరాజం గోడ వారగా దిండు వేసుకుని పడుకున్నాడు. స్వరాజ్యం మొదట సన్నగా మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళ తుప్పు, గొంతు రెండుసార్లు జీరపోయింది. లక్ష్మీరాజం కళ్ళు తెరిచి, చెవి మీద చెయ్యి ఆనించి, వినపడలేదన్నట్టు తల ఊపాడు. ఆ చెవులకు సన్న గొంతు ఎక్కడ ఆనుతుంది! లలితమ్మ పకపకా నవ్వింది. “ఎత్తుకో స్వరాజ్యం, ఎత్తుకో! నీ మొగడు చెవిటోడని మర్చిపోయినవా!” ఇక ఆమె మొహమాటం వదిలేసింది. వెన్ను నిటారుగా పెట్టి, ఊపిరి నిండా పీల్చి, వేదిక మీద ఎత్తినంత ఎత్తున పై గొంతు ఎత్తింది. అయిదుగురూ అందుకున్నారు. తాళాలు గణగణలాడాయి. అద్దాల కిటికీలు అదిరాయి. నాలుగో పాట దగ్గర చూసుకుంటే, లక్ష్మీరాజం గురక పెడుతున్నాడు. స్వరాజ్యం కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి గానీ పాట మాత్రం ఆపలేదు.

అప్పుడే బయట గంట మోగింది. అనురాధ పోయి తలుపు తీసింది. కింది అంతస్తు గుజరాతీ ఆవిడ, సొసైటీలో అందరికీ నియమాలు చెప్పే మనిషి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. “ఆ అవాజ్ షేనో ఛే?” అని గట్టిగా అడిగింది, మధ్యాహ్నం పూట ఈ గోల ఏమిటని.

అనురాధ గబుక్కున వేలు పెదవుల మీద పెట్టుకుంది. “ధీమే బెన్, ధీమే! మారా ససరా సూతా ఛే,” అని గుసగుసగా బతిమాలింది, మెల్లగా మాట్లాడండి, మా మామగారు నిద్రపోతున్నారని.

ఆవిడ అనురాధ భుజం మీదుగా లోపలికి తొంగి చూసింది. గొంతులెత్తి పాడుతున్న ఆరుగురు ఆడవాళ్ళ మధ్య గోడ వారగా ముసలాయన ఆదమరిచి నిద్రపోతున్నాడు. పాడుతున్నామె ఒక చేత్తో తాళం వేస్తూ, రెండో చేత్తో ఆయన పాదం మీద జోకొడుతోంది. ఆవిడకు ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో! నడుం మీది చేతులు కిందికి దించింది. కాసేపు అలాగే నిలబడి విన్నది. తర్వాత చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.